సస్పెన్స్ ఖాతాలో మనం

గత సంచికలో ఒక మిత్రుడు రాసిన వ్యాసం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఆయన వాదం ఇది: ఎన్నికల ముందు వచ్చిన సర్వేలు ఏవి చూసినా ప్రజల సమస్యల పట్టికలో భాష అన్న మాట కనబడదు, కాబట్టి బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళకు తమ భాష మీద పట్టింపు లేదని ఒప్పుకోవాలి, ఉత్త సభలు పెట్టుకుని మనల్ని మనం మోసం చేసుకోకూడదు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. ఆయన లెక్కను శంకిస్తున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, అంకెల మధ్యే తల నెరిపించుకున్నవాణ్ణి. లెక్క తప్పుగా ఉంటే నిద్ర పట్టని జబ్బు మా వృత్తిలో అందరికీ ఉంటుంది.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది హోసూరు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు ఒక ఆదివారం పొద్దున ఒక కుర్రవాడు చేతిలో ట్యాబ్ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. మర్యాదస్తుడే. ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలన్నాడు. వాడి జాబితాలో ఆ వయసు ఆడవాళ్ళు తక్కువ పడ్డారట. మా అమ్మను కూర్చోబెట్టాను. వాడు తమిళంలో అడిగాడు, ప్రభుత్వ పనితీరు మీకు ఎలా ఉందని. మా అమ్మకు తమిళం అర్థమవుతుంది, అంగడిలో బేరమాడేంత వస్తుంది. ఆమె వాణ్ణి పైనుంచి కిందకు ఒకసారి చూసి, "అంతా బాగానే ఉండాదప్పా, మజ్జిగ తాగుతావా?" అంది. వాడు మజ్జిగ తాగాడు. తాగుతూనే "మిగవుం తిరుప్తి" అన్న గడి మీద వేలు పెట్టాడు. అంటే పూర్తి సంతృప్తి.

వాడు వెళ్ళాక అడిగాను, "ఏమమ్మా, నిజంగా అంత బాగుందా?" అని. "గుమ్మంలోకి వచ్చిన బిడ్డతో ఏడుపు మాట చెప్తారా ఎవరన్నా?" అని నన్నే తిట్టింది. కొళాయి నీళ్ళు వారానికోసారి వస్తున్న రోజులవి. రేషన్ కార్డులో ఆమె పేరు తప్పుగా పడి రెండేళ్ళయింది. మనవరాలికి తెలుగు అక్షరాలు రావని రోజూ నాతో గొడవ. ఇవన్నీ కలిపి ఆ రోజు ఒక "పూర్తి సంతృప్తి" అయ్యాయి. దాని మీద ఎక్కడో ఒక శాతం తయారైంది. ఆ శాతం చూసి మన మిత్రుడు మనకు తీర్పు చెబుతున్నాడు.

అలాగని సర్వేలన్నీ బూటకం అనే జాతివాణ్ణి కాను. ఆ మాట తేలికగా అనేవాళ్ళకు శాస్త్రం తెలియదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పది మందికి వండినా, వెయ్యి మందికి వండినా మెతుకు మెతుకే. సర్వే శాస్త్రమూ అదే. జనాభా ఎన్ని కోట్లన్నది ముఖ్యం కాదు. ఎవరికైనా సమానంగా అవకాశం వచ్చేలా లాటరీ పద్ధతిన వెయ్యి మందిని ఎంచుకుంటే, వచ్చిన శాతం అసలు శాతానికి అటూ ఇటూ మూడు దాటకుండా ఉండే అవకాశం నూటికి తొంభై అయిదు పాళ్ళు. దీన్నే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అంటారు. నాలుగు వందల మందినే అడిగితే తేడా అయిదు దాకా పోతుంది. ఇది రుజువైన గణితం, దీనితో నాకు తగువు లేదు.

తగువు ఎక్కడంటే, మెతుకు పరీక్ష పని చేసేది గిన్నెను బాగా కలిపినప్పుడు. పైగా ఆ మెతుకు ఎవరు తీశారన్నది కూడా చూడాలి. మా శాఖకు ఆడిటర్ వస్తే వోచర్లన్నీ చూడడు, చూడలేడు. వాటిలో కొన్ని ఎంచుకుంటాడు. కానీ ఆ ఎంపిక ఆయనది. మేనేజరు తనకు నచ్చిన యాభై వోచర్లు ముచ్చటగా కట్టకట్టి ఇచ్చి "ఇవి చూడండి సార్" అంటే, ఆ ఆడిట్‌కు విలువ ఉంటుందా? యాభై కాదు, అయిదు వేలు ఇచ్చినా ఉండదు.

అమెరికాలో 1936లో సరిగ్గా ఇదే జరిగింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. అది చాలా పెద్ద సర్వే. లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు పంపిన చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరు? పైగా జవాబు రాసి పంపినవాళ్ళు పంపనివాళ్ళ లాంటివాళ్ళు కారు. జార్జి గాలప్ అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో రూజ్‌వెల్ట్ పేరే చెప్పి పేరు తెచ్చుకున్నాడు. రెండేళ్ళలో ఆ పత్రిక మూతపడింది. గాలప్‌కూ 1948లో శాస్తి జరిగింది. ట్రూమన్ ఓడిపోతాడన్నాడు, ట్రూమన్ గెలిచాడు. ఎన్నికలకు ముందే సర్వే ఆపేయడం, ఇంత మంది ఆడవాళ్ళు, ఇంత మంది కార్మికులు అని కోటా ఇచ్చి మనుషుల్ని ఎంచుకోవడం సర్వే చేసేవాడి ఇష్టానికి వదిలేయడం అప్పటి తప్పులు. మా అమ్మ దగ్గరికి వచ్చిన కుర్రవాడి జాబితాలో పెద్దవయసు ఆడవాళ్ళు తక్కువ పడ్డారన్నాను చూడండి, అది ఆ కోటా పద్ధతే. ఇన్నేళ్ళ తరవాత కూడా మా గుమ్మం దాకా నడిచి వచ్చింది.

ఈనాడు ఫోన్ సర్వేలు వచ్చాయి కదా అంటారు. ఎత్తేదెవరు? అమెరికాలో ప్యూ అనే సంస్థ తన ఫోన్ సర్వేలకు 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారని, 2018 నాటికి అది 6కు పడిపోయిందని తానే ప్రకటించింది. ఆరుగురి మాటతో మిగిలిన తొంభై నలుగురి మనసు అంచనా కట్టాలి. దానికి తూకాలు వేస్తారు. ముసలివాళ్ళు తక్కువగా దొరికితే దొరికిన ముసలివాళ్ళ జవాబును రెండుగా, మూడుగా లెక్కిస్తారు. పద్ధతి తెలిసినవాడు చేస్తే ఫలితం బాగానే వస్తుంది. కానీ మా అమ్మ ఒక్క "బాగానే ఉండాదప్పా" మూడు "పూర్తి సంతృప్తులు"గా మారగల అవకాశం కూడా ఆ పద్ధతిలోనే ఉంది.

ఇక మన సంగతికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి 5.87. కర్ణాటకలో 5.84. ఒడిశాలో 1.59. మహారాష్ట్రలో 1.18. ఇప్పుడు వెయ్యి మందితో తమిళనాడు సర్వే చేశారనుకుందాం. అన్నీ సవ్యంగా జరిగితే అందులో తెలుగువాళ్ళు యాభై తొమ్మిది మంది. యాభై తొమ్మిది మంది మాటకు తేడా అటూ ఇటూ పదమూడు శాతం. అంటే తెలుగువాళ్ళలో నలభై శాతం ఒక మాట అన్నారంటే, అసలు సంఖ్య ఇరవై ఏడు కావచ్చు, యాభై మూడు కావచ్చు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పాఠకులు క్షమించాలి, ఒడిశా శాంపిల్‌లో మీరు పదహారు మంది. షోలాపూరువాళ్ళు మహారాష్ట్ర శాంపిల్‌లో మిగతా తెలుగువాళ్ళతో కలిసి పన్నెండు మంది. పన్నెండు మంది మా క్యాంటీన్‌లో రెండు బల్లల దగ్గర సరిపోతారు.

ఇది కూడా కాగితం మీది లెక్కే. రాష్ట్రమంతా తిరగడానికి డబ్బుండదు కనుక కొన్ని నియోజకవర్గాలు ఎంచుకుని అక్కడే అడుగుతారు. తమిళనాడులో 234 అసెంబ్లీ స్థానాలున్నాయి. ఎంచుకున్నవాటిలో హోసూరు, తళి పడకపోతే ఆ సర్వేలో ఇక్కడి తెలుగువాళ్ళు సున్నా. పడితే ఉన్నదానికన్నా ఎక్కువ. ఏ విధంగానూ మనం మనంగా కనబడం. సర్వే చేసేవాడికి ఇది తప్పు కాదు. వాడు రాష్ట్రంలో ఎవరు గెలుస్తారో చెప్పమంటే చెప్పాడు. ఆ పని కోసం కుట్టిన చొక్కాను మనకు తొడిగి, బిగుతుగా ఉంది కాబట్టి మనకు ఒళ్ళే లేదనడం మన మిత్రుడి తప్పు.

యానాం మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పుదుచ్చేరి అసెంబ్లీ 30 స్థానాల్లో వాళ్ళది ఒకటి. 2021లో రంగస్వామి కూటమి గెలిచింది, ఆయనే ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ రంగస్వామి యానాంలో కూడా పోటీ చేసి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. రాష్ట్రం మొత్తం గాలి సరిగ్గా పట్టిన సర్వే కూడా గోదావరి ఒడ్డున ఏ గాలి వీస్తోందో పట్టనవసరం లేదు.

ఇంతకన్నా పెద్ద దొంగతనం మరొకటుంది. బ్యాంకులో ఏ పద్దు ఎక్కడ వేయాలో తెలియకపోతే తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో పడేస్తాం. ఆడిటర్ వచ్చాడంటే మొదట అడిగేది దాన్నే. మోసం ఉంటే అక్కడే ఉంటుందని వాడికి తెలుసు. సర్వేల్లో కూడా ఈ ఖాతా ఉంది. "తెలియదు", "చెప్పలేను", "అభిప్రాయం లేదు" అన్నవాళ్ళంతా అందులో పడతారు. పేపర్లో వేసేటప్పుడు చాలాసార్లు వాళ్ళను తీసేసి, మిగిలినవాళ్ళను నూటికి సరిపెట్టి ప్రకటిస్తారు. ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కుదురుతుంది. కుదిరినంత మాత్రాన లెక్కలు సరైనవని బి.కాం. మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా అనడు. తనది కాని భాషలో, తెలియని మనిషి, ఎందుకు అడుగుతున్నాడో చెప్పకుండా అడిగితే మనవాళ్ళు ఎక్కువమంది ఏమంటారు? ఒకటి మా అమ్మ మాట. లేదా "నాకేం తెలుసప్పా, మా అబ్బాయినడుగు." రెండో మాట అన్నవాళ్ళంతా సస్పెన్స్ ఖాతాలోకి పోయారు. ఏ ఆడిటరూ వాళ్ళ గురించి అడగలేదు.

ప్రశ్న సంగతి కూడా చూడండి. అమెరికాలో 1941లో ఒక పరిశీలన చేశారు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలను "అనుమతించాలా" అని కొందరిని, "నిషేధించాలా" అని కొందరిని అడిగారు. వద్దనే అర్థం రెండిటిలో ఒకటే. "అనుమతించకూడదు" అన్నవాళ్ళు "నిషేధించాలి" అన్నవాళ్ళకన్నా పదిహేను శాతానికి పైగా ఎక్కువ తేలారు. ఒక్క క్రియాపదానికి అంత బరువుంటే, అసలు గడే ఇవ్వని విషయానికి ఎంత బరువుండాలి? మీకు అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది అని అడిగి, ధరలు, ఉద్యోగాలు, తాగునీరు, రోడ్లు, అవినీతి అని అయిదు గడులిచ్చి, ఆరోది "ఇతరములు" అని పెడతారు. మన పిల్లల చదువు ఆ ఇతరములలో ఉంది.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం సంగతి ఈ పత్రిక పాఠకులకు తెలుసు. తమిళం నేర్చుకోమని మనలో ఎవరూ అనలేదు, నేను కౌంటర్ ముందు రోజంతా తమిళంలోనే మాట్లాడతాను. మనం అడిగింది మాతృభాషలో చదివే పిల్లల సంగతి కూడా చూడమని. ఆ మాట చెప్పుకోడానికి మేం నలుగురం ఒక ఎన్నికల ముందు ఒక అభ్యర్థి దగ్గరికి వెళ్ళాం. పార్టీ పేరు అనవసరం, ఇంకో పార్టీ ఆయనైనా అదే చెప్పేవాడు. కాఫీ ఇప్పించి, ఓపికగా విని, పక్కనున్న కుర్రవాడి చేత ఒక కాగితం తెప్పించాడు. "అన్నా, మీరు చెప్పేది న్యాయమే. కానీ మా సర్వేలో భాష అన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు" అన్నాడు. ఆ కాగితం నేను చూశాను. అయిదు గడులు, ఆరోది ఇతరములు. "మీరు అడగలేదు కదా" అన్నాను. "అడిగితే అందరూ అదే చెప్తారు కదన్నా" అని నవ్వాడు. నిజం ఆయన నోటే వచ్చింది. మా నలుగురిలో ఒకాయన రిటైర్డ్ తెలుగు పండితుడు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దాకా మాట్లాడలేదు.

మెచ్చుకోలు శాతాల సంగతి కూడా కాస్త చెప్పాలి. నాయకుడి పనితీరు మీకు ఆమోదమా కాదా అన్న ప్రశ్నను అమెరికాలో గాలప్ సంస్థ 1930ల చివరి నుంచి అధ్యక్షుల మీద అడుగుతూ వచ్చింది. గల్ఫ్ యుద్ధం ముగియగానే 1991లో పెద్ద బుష్‌కు 89 శాతం ఆమోదం వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో ఆయనకు పడిన ఓట్లు 37 శాతం. ఆమోదం అబద్ధం కాదు. యుద్ధం గెలిచిన రోజున చప్పట్లు కొట్టడం వేరు, ఓటు వేయడం వేరు. మార్చి 31న డిపాజిట్లు తెచ్చి చూపించి, ఏప్రిల్ మొదటి వారంలో వాపసు పంపే విద్య మా వృత్తిలో అందరూ ఎరిగిందే. ఆ రోజు అంకె నిజమే, ఖాతా నిజం కాదు. మన దేశంలో కూడా ఒక అమెరికన్ కంపెనీ ఇంటర్నెట్‌లో చేసే సర్వేను పట్టుకుని ప్రధానికి డెబ్బై పైచిలుకు శాతం ఆమోదమని పత్రికలు ఏళ్ళ తరబడి మొదటి పేజీల్లో వేశాయి. భారతదేశంలో తమ శాంపిల్ అక్షరాస్యులకే ప్రాతినిధ్యం వహిస్తుందని ఆ కంపెనీ తానే చిన్న అక్షరాల్లో రాసుకుంది. ఆ చిన్న అక్షరాలను అచ్చు వేసిన పత్రిక నా కంటపడలేదు. ప్రధాని ఎవరన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రేపు ఇంకొకరు వచ్చినా ఇదే రాస్తాను.

శాతాన్ని సీట్లుగా మార్చడం మరో గారడీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం చిల్లర ఓట్లు వచ్చి 23 సీట్లు దక్కాయి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు అదే 39 శాతం చిల్లర వచ్చి 11 దక్కాయి. ఓట్లు సరిగ్గా పట్టినవాడు కూడా సీట్లలో బోర్లా పడగలడు. "ఆంధ్రా ఆక్టోపస్" అని పేరు పడ్డ లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో కాంగ్రెస్ కూటమికి మొగ్గుందన్నాడు, టి.ఆర్.ఎస్.కు 119లో 88 వచ్చాయి. 2019లో ఆంధ్రలోనూ తప్పి, ఇక సర్వేలు చేయనని దండం పెట్టాడు. దండం పెట్టినందుకైనా ఆయన్ను మెచ్చుకోవాలి. 2024 జూన్ 1 సాయంత్రం టీవీలన్నిటిలోనూ ఎన్.డి.ఎ.కు మూడు వందల యాభై, నాలుగు వందలు అన్నవాళ్ళలో ఎంతమంది దండం పెట్టారు? వచ్చినవి 293. మధ్యలో 3వ తేదీ సోమవారం షేర్ మార్కెట్ ఎగిరి గంతేసింది, 4వ తేదీ సెన్సెక్స్ ఒక్క రోజులో నాలుగు వేల మూడు వందల పాయింట్లకు పైగా కూలింది. మా శాఖకు వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఆ సోమవారం పొద్దున ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేయించుకున్నాడు. కొడుకు ఫోన్ చేసి చెప్పాడట. వద్దని నేను గట్టిగా చెప్పలేదు. టీవీలో అన్ని అంకెలు చూశాక నాకూ కొంత నమ్మకం కుదిరిందేమో. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2009లో చేసిన సవరణ ప్రకారం పోలింగ్ పూర్తి కాకుండా ఎగ్జిట్ పోల్ ప్రకటిస్తే రెండేళ్ళ దాకా జైలు. అంటే ఎప్పుడు చెప్పాలో చట్టం చెబుతుంది. ఎలా లెక్కపెట్టావు, ఎవరు డబ్బిచ్చారు, ఎంతమంది మొహం మీద తలుపు వేశారు, ఏ భాషలో అడిగావు అని నిలదీయదు. వీటిని తామే బయటపెట్టేవాళ్ళూ ఉన్నారు. ఢిల్లీలోని సి.ఎస్.డి.ఎస్. వారి లోక్‌నీతి తన ప్రశ్నలను, శాంపిల్ వివరాలను ప్రకటిస్తుంది. ఓటు వేసిన తరవాత ఇళ్ళకు వెళ్ళి, నమూనా బ్యాలట్ పెట్టెలో రహస్యంగా వేయించే పద్ధతి పాటించింది. వాళ్ళ అంచనాలూ తప్పుతాయి. కానీ వాళ్ళ వోచర్లు మనం తిరగేయవచ్చు. వోచర్ చూపించని వాడి శాతాన్ని నా బ్యాంకులో నేను పాస్ చేయను, మన పత్రికలో ఎందుకు చేయాలి?

మనమూ తక్కువ తినలేదని ఒప్పుకోవాలి. సభ పెట్టిన ప్రతిసారీ మన సంఘాలవాళ్ళు ఈ రాష్ట్రంలో తెలుగువాళ్ళు నూటికి నలభై అంటారు. ఎవరు లెక్కపెట్టారని అడిగితే ద్రోహిని చూసినట్టు చూస్తారు. తాతలు తెలుగు మాట్లాడిన ప్రతి ఇంటినీ కలిపితే ఏమో, ఎవరి దగ్గరా పట్టిక లేదు. ఎదుటివాడి సర్వేకు లెక్క చెప్పమనేవాడు తన చేతిలో ఒక పుస్తకం పట్టుకుని అడగాలి.

అందుకే హోసూరులో మేం ఒక చిన్న పని మొదలుపెట్టాం. ఓటర్ల జాబితాలోంచి చీట్లు తీసి ఇళ్ళు ఎంచుకుంటున్నాం, మాకు తెలిసినవాళ్ళ ఇళ్ళు కాదు. ఇద్దరు వెళతారు. ఏ భాషలో మాట్లాడమంటే ఆ భాషలో మాట్లాడతారు. గడులు లేవు, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. తలుపు తీయనివాళ్ళను, తెలియదన్నవాళ్ళను విడిగా రాసి, విడిగానే ప్రకటిస్తాం. భాష సంగతి ఎవరూ ఎత్తకపోతే ఎవరూ ఎత్తలేదనే రాస్తాం. అప్పుడు మన మిత్రుడికి నేను బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటాను.

పద్ధతి సరిచూసుకోవడానికి మొదట మా అమ్మను అడిగాను, తెలుగులో, కాగితం పక్కన పెట్టి. "అడగమనింది ఎవురప్పా?" అంది. చెప్పాను. ముప్పావు గంట మాట్లాడింది. నేను ఫారంలో వదిలింది నాలుగు గీతలు. దాన్ని రెండు పేజీలు చేసి, నమూనా వచ్చే సంచికకు పంపుతాను. బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం మిత్రులెవరైనా తమ ఊళ్ళో ఇదే పద్ధతిలో చేస్తామంటే, సంపాదకులకు ఒక కార్డు రాస్తే ఫారాలు అందేలా చూస్తాను.